మాలిష్ తర్వాతి అరగంట: సెరెబ్రల్ పాల్సీ పిల్లలకు మర్దన, ఆక్యుపంక్చర్ ఎంతవరకు?

"పుట్టగానే ఏడవలేదు." హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆస్పత్రిలోనైనా, గాంధీలోనైనా, సందు చివర ఉన్న పిల్లల క్లినిక్‌లోనైనా సెరెబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ కథ చాలాసార్లు ఈ మాటతోనే మొదలవుతుంది. ఆ తర్వాత, "ఏడో నెల వచ్చినా మెడ నిలవలేదు", "బోర్లా పడలేదు", "బట్టలు మార్చబోతే కాళ్లు కత్తెరలా బిగుసుకుంటున్నాయి" అని చెబుతారు. ఈ మాటలు డాక్టర్ చెవిన పడేసరికే ఇంట్లో ఒక వైద్యం మొదలై ఉంటుంది. అమ్మమ్మో నానమ్మో గోరువెచ్చని నూనెతో రోజూ కాళ్లు చేతులు రుద్దుతూ ఉంటుంది. కొన్నాళ్లకు పక్కింటివాళ్లో బంధువులో ఇంకో మాట చెబుతారు. "ఫలానా చోట సూదులు పెడుతున్నారట, వాళ్ల బాబు నడిచాడట." ఆశ అక్కడ మొదలవుతుంది, ఖర్చు కూడా అక్కడే మొదలవుతుంది.

మర్దనను, ఆక్యుపంక్చర్‌ను మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. అవే బిడ్డను నడిపిస్తాయని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల్లో ఏది నమ్మినా నష్టపోయేది బిడ్డే. ఈ చికిత్సలు ఏం చేయగలవో, ఏం చేయలేవో తెలియాలంటే ముందు ఆ బిగుతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి.

సెరెబ్రల్ పాల్సీ కండరాల జబ్బు కాదు. ఎదుగుతున్న మెదడుకు గర్భంలోనో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలి రోజుల్లోనో తగిలిన దెబ్బ ఫలితం. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ప్రాణవాయువు అందకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు లాంటి ఇన్ఫెక్షన్లు దీనికి ముఖ్య కారణాలు. 1861లో లండన్ సర్జన్ విలియం లిటిల్ ఈ పిల్లల స్థితికీ కష్టమైన కాన్పులకూ సంబంధం ఉందని రాశాడు. అందుకే చాలాకాలం దీన్ని లిటిల్స్ డిసీజ్ అనేవారు. మెదడులోని ఆ గాయం పెరగదు. కానీ బిడ్డ పెరుగుతాడు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మామూలుగా మెదడు నుంచి వెన్నుపాముకు రెండు రకాల సందేశాలు వెళ్తుంటాయి. కొన్ని కండరాన్ని కదలమంటాయి, కొన్ని దాన్ని అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు తప్పినప్పుడు కండరాన్ని కాస్త వేగంగా సాగదీస్తే చాలు, అది ఎదురుతిరిగి బిగుసుకుంటుంది. దీన్నే డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు. సెరెబ్రల్ పాల్సీ పిల్లల్లో సుమారు 80 శాతం మందిలో కనిపించేది ఈ రకమే. ఎముకేమో ఏటికేడు పొడుగవుతుంది. బిగుసుకున్న కండరం మాత్రం అంత వేగంగా పొడుగవదు. నాలుగేళ్ల వయసులో చేత్తో మెల్లగా సాగదీస్తే వచ్చే మడమ, తొమ్మిదేళ్లకు ఎంత సాగదీసినా నేలకు ఆనదు. మొదట మెదడు సందేశంలో ఉన్న లోపం చివరికి కండరం ఆకారంలో, కీలు ఆకారంలో స్థిరపడిపోతుంది.

ఇంతవరకు అర్థమైతే మర్దన స్థానం ఏమిటో సగం తెలిసినట్టే. చేత్తో రుద్దితే మెదడులోని గాయం మానదు. కానీ కండరం, చర్మం, కీళ్లు, నొప్పి, నిద్ర, భయం, ఇవన్నీ చేతికి అందేవే.

నొప్పి సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర దాని గురించి మాట్లాడుకోవడం చాలా తక్కువ. సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఏదో ఒక నొప్పితో బతుకుతున్నారని 2012లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. నలుగురిలో ఒకరు మాట్లాడలేరు. అంటే నొప్పి ఉండి కూడా చెప్పలేని పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. "వీడు ఊరికే ఏడుస్తాడు" అనుకునే ఏడుపు తుంటిలోని నొప్పి కావచ్చు, మలబద్ధకం కావచ్చు, పంటిపోటు కావచ్చు. నెమ్మదైన మర్దన కాసేపైనా ఆ బాధను తగ్గిస్తే, రాత్రి రెండు గంటలు ఎక్కువ నిద్ర పట్టిస్తే, అది చిన్న మేలేమీ కాదు. పక్కన పడుకున్న తల్లికి కూడా ఆ రెండు గంటలు దక్కుతాయి.

బిగుతు విషయంలో మర్దన చేసే మేలు నిజమే కానీ తాత్కాలికం. అమెరికాలో మయామీ టచ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2005లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. సెరెబ్రల్ పాల్సీ ఉన్న 20 మంది చిన్నపిల్లల్ని రెండు గుంపులు చేశారు. 12 వారాల పాటు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఒక గుంపుకు మర్దన చేశారు, రెండో గుంపుకు పుస్తకాలు చదివి వినిపించారు. మర్దన అందిన పిల్లల్లో బిగుతు తగ్గింది, కదలికలు కొంత మెరుగుపడ్డాయి. అయితే మొత్తం 20 మందే. ఆ మెరుగుదల ఎన్నాళ్లు నిలిచిందో, అది నడకగా మారిందో లేదో అంత చిన్న లెక్కలోంచి తేల్చలేం. తర్వాత వచ్చిన సమీక్షలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. మర్దన వల్ల హాయి, సడలింపు, నొప్పిలో కొంత ఉపశమనం ఉన్నాయి. సొంతంగా కూర్చోవడం, నిలబడటం, నడవడం మర్దన ఒక్కదానితో రావు.

రాకపోవడానికి కారణం ఉంది. నడక ఒక నైపుణ్యం. ఈత లాంటిది, సైకిల్ లాంటిది. బిడ్డ తనంతట తాను ప్రయత్నించి, పడి, మళ్లీ ప్రయత్నిస్తేనే మెదడు దాన్ని నేర్చుకుంటుంది. మంచం మీద పడుకోబెట్టి ఎవరో రుద్దుతుంటే ఆ కండరం వదులవుతుందేమో గానీ, ఆ మెదడు మాత్రం ఏ పనీ చేయడం లేదు. గత ఇరవై ఏళ్లలో పిల్లల పునరావాస వైద్యం అంతా మెల్లగా ఇటువైపు జరిగింది. ఇతరులు చేసిపెట్టే చికిత్సల కన్నా బిడ్డ చేత పని చేయించే శిక్షణకే బలమైన ఆధారాలు దొరికాయి. ఒక వైపు చెయ్యి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకు బాగున్న చేతికి తొడుగు వేసి, రెండో చేత్తోనే ఆడించే పద్ధతి ఉంది. ఆ బలహీనమైన చెయ్యి లడ్డూ పట్టుకోవడానికి, గిలక్కాయ ఊపడానికి కష్టపడుతుంది. ఆ కష్టంలోనే మందు ఉంది.

అలాగని మర్దన వృథా అనుకోకూడదు. మర్దన అయిన తర్వాత కండరం కొంతసేపు వదులుగా ఉంటుంది, బిడ్డ కుదుటగా ఉంటాడు. ఆ సమయంలో ఏం చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. చాలా ఇళ్లలో పొద్దున్నే నూనె పట్టించి, స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి నిద్రపుచ్చుతారు. ఎక్సర్‌సైజులేమో సాయంత్రం, కాళ్లు మళ్లీ బిగుసుకున్నాక, బిడ్డ చిరాగ్గా ఉన్నప్పుడు. ఈ వరుసను కాస్త మార్చుకుంటే చాలు. పది పదిహేను నిమిషాల మర్దన, వెంటనే సాగదీసే వ్యాయామం, వెంటనే స్టాండింగ్ ఫ్రేమ్‌లోనో (బిడ్డను నిలబెట్టి ఉంచే చట్రం) గోడవారనో నిలబెట్టి ఆట. నానమ్మ చేతి పుణ్యం అప్పుడు వ్యాయామానికి కలిసొస్తుంది.

ఇంకో మాట. సెరెబ్రల్ పాల్సీ పిల్లలందరికీ బిగుతు ఉండదు. కొందరు మెత్తగా, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటారు. పచ్చకామెర్లు మెదడుకు ఎక్కిన కొందరిలో ఒక నిమిషం వదులు, మరో నిమిషం బిగుతు, ఒళ్లంతా మెలికలు తిరగడం ఉంటుంది. మెత్తటి పిల్లకు కండరాలు సడలించే మర్దన అవసరమే లేదు. మెలికలు తిరిగే పిల్లవాడికి హఠాత్తుగా తాకినా ఒళ్లు ఎగసిపడుతుంది. ఫలానా వాళ్ల బాబుకు పనిచేసిన నూనె, ఫలానా పట్టు మన పాపకూ పనిచేయాలని లేదు.

నూనె సంగతికొస్తే, నువ్వుల నూనా, కొబ్బరి నూనా, ఆలివ్ ఆయిలా అన్న చర్చకు ఉన్నంత బలం ఆధారాలకు లేదు. చేయి జారడానికి, చర్మం ఎండిపోకుండా ఉండటానికి ఏదైనా సరిపోతుంది. ఆయుర్వేదంలో అభ్యంగనం తర్వాత స్వేదనం, అంటే చెమట పట్టించడం చెబుతారు. నవర బియ్యాన్ని పాలల్లో, మూలికల కషాయంలో ఉడికించి మూటకట్టి ఆ వేడితో ఒళ్లు కాచే పద్ధతి అందులో ఒకటి. ఎర్రగడ్డ ఆయుర్వేద ఆస్పత్రిలో ఇలాంటి పంచకర్మ చికిత్సలు ఉన్నాయి. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రి సంప్రదాయంలో మర్దనకు దల్క్ అని పేరు. వేడి తగిలితే కండరం సడలుతుందన్నది అందరికీ అనుభవమే. కానీ మాట రాని, కాలు కదపలేని బిడ్డ వేడి ఎక్కువైతే కాలు వెనక్కి తీసుకోలేడు. పెద్దవాళ్లు మూటను ముందు తమ ముంజేతి మీద పెట్టి చూసుకోవడం తప్పనిసరి.

కొన్ని పాత అలవాట్లను మాత్రం పూర్తిగా మానేయాలి. ముక్కులో, గొంతులో నూనె చుక్కలు వేయడం అందులో మొదటిది. ఈ పిల్లల్లో చాలామందికి మింగడమే కష్టం. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, అది మామూలు మందులకు తేలిగ్గా లొంగదు. రెండోది బలవంతంగా లాగడం. నడవని పిల్లల ఎముకలు పలచబడి ఉంటాయి. ఫిట్స్ కోసం ఏళ్ల తరబడి వాడే కొన్ని మందులు శరీరంలో విటమిన్ డి తగ్గించి ఆ ఎముకల్ని ఇంకా బలహీనం చేస్తాయి. "గట్టిగా లాగితేనే వదులవుతుంది" అని మోకాలి మీద బరువు వేసి వంచితే తొడ ఎముక విరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. బిడ్డ మాట్లాడలేడు కాబట్టి ఎముక విరిగిన సంగతి రోజుల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు.

తుంటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సెరెబ్రల్ పాల్సీ పిల్లల్ని లెక్కగట్టి చూస్తే సుమారు 35 శాతం మందిలో తుంటి కీలు పక్కకు జరుగుతున్నట్టు 2006లో తేలింది. బాగా నడిచే పిల్లల్లో ఈ సమస్య దాదాపు లేదు. మెడ కూడా నిలవని పిల్లల్లో అది 90 శాతం. ఇది మొదట్లో నొప్పి లేకుండానే జరుగుతుంది, ఎక్స్‌రేలో తప్ప కనబడదు. ఆలస్యమైతే పెద్ద ఆపరేషన్ దాకా వెళుతుంది. నడవని బిడ్డకు తుంటి ఎక్స్‌రే తీయించకుండా నెలల తరబడి తొడలు రుద్దించడం, కాళ్లు ఎడం చేసి లాగించడం మంచిది కాదు. హైదరాబాద్‌లో ఎక్స్‌రే దొరకని బస్తీ లేదు. అడిగేవాళ్లే తక్కువ.

సూదులు ఏం చేస్తాయి?

ఆక్యుపంక్చర్ మనకు చైనా నుంచి వచ్చింది. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని 1950ల చివర్లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో దీనికి ప్రత్యేక చట్టాలు చేశాయి. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గుర్తింపు అంటే ఆ పద్ధతికి దేశంలో చోటు ఉందని అర్థం. ఫలానా జబ్బును నయం చేస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు. క్లినిక్ బోర్డు మీద "గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అని కనిపించినప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

సంప్రదాయ లెక్కలో ఒంటి మీద 361 బిందువులు ఉన్నాయి, అవి "చి" అనే ప్రాణశక్తి నడిచే దారుల మీద ఉంటాయంటారు. సెరెబ్రల్ పాల్సీకి ఎక్కువగా వాడేది తలమీది ఆక్యుపంక్చర్. 1970లలో చైనా వైద్యుడు జియావో షున్‌ఫా దీనికి రూపం ఇచ్చాడు. మెదడులో కదలికలను నడిపే భాగానికి సరిగ్గా పైన, నెత్తి చర్మంలో సూదులు పెట్టడం ఆయన పద్ధతి. నెత్తి చర్మానికీ మెదడుకూ మధ్య పుర్రె ఎముక ఉంది కాబట్టి సూది మెదడును తాకదు. చర్మంలోని నరాల ద్వారా ఏదో ప్రేరణ వెళుతుందన్నది వాదన. దీనికి గట్టి రుజువు ఇంకా రాలేదు. ఇవి కాక మోకాలి కింద, మడమ దగ్గర, చేతుల మీద పెట్టే సూదులు ఉన్నాయి. కొందరు వాటికి సన్నని కరెంటు ఇస్తారు, కొందరు సూది లేకుండా లేజర్ వాడతారు, కొందరు వేలితో నొక్కి సరిపెడతారు. పెద్దవాళ్లకు సూదులు ఇరవై ముప్పై నిమిషాలు ఉంచితే, చిన్నపిల్లలకు చాలామంది పెట్టి వెంటనే తీసేస్తారు.

ఆధారాల సంగతి చూస్తే, సెరెబ్రల్ పాల్సీలో ఆక్యుపంక్చర్ మీద అధ్యయనాలు తక్కువేమీ కాదు. ఎక్కువభాగం చైనా నుంచే వచ్చాయి. వాటిలో చాలావరకు ఒక గుంపుకు ఫిజియోథెరపీ, మరో గుంపుకు ఫిజియోథెరపీతో పాటు సూదులు ఇచ్చి, రెండో గుంపు ఎక్కువ మెరుగైందని చెబుతాయి. రెండో గుంపుకు అదనపు చికిత్స అందుతోందని అందరికీ తెలుసు. తల్లిదండ్రులకు తెలుసు, కొలిచేవాళ్లకూ చాలాసార్లు తెలుసు. ఇలాంటప్పుడు ఆశే కొంత మెరుగుదలగా కనబడుతుంది. అందుకే నకిలీ సూదులతో పోల్చిన అధ్యయనాలకు విలువ ఎక్కువ. 2004లో హాంకాంగ్‌లో నాలుక మీద చేసే ఆక్యుపంక్చర్‌ను అలా పరీక్షించారు. పిల్లల పనితీరులో కొంత మెరుగుదల కనబడిందన్నారు. కానీ అందులో పాల్గొన్నది 30 మంది పైచిలుకు పిల్లలే. పెద్ద సంఖ్యలో పిల్లలతో, నకిలీ సూదులతో పోల్చి, ఏడాది రెండేళ్లు వెంట ఉండి చూసిన అధ్యయనాలు ఉంటే తప్ప దీని మీద గట్టి మాట చెప్పలేం. ఇప్పటికి న్యాయంగా చెప్పగలిగింది ఇంతే. ఫిజియోథెరపీకి తోడుగా కొందరు పిల్లల్లో బిగుతు, నొప్పి, నిద్ర విషయాల్లో సాయపడవచ్చు. ఫిజియోథెరపీకి బదులుగా పనిచేస్తుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

"మా బాబు సూదులు పెట్టించిన ఆరు నెలల్లో కూర్చున్నాడు" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. బాబు నిజంగానే కూర్చున్నాడు. కూర్చోబెట్టింది ఏమిటన్నదే ప్రశ్న. కెనడాలోని ఒంటారియోలో 657 మంది సెరెబ్రల్ పాల్సీ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, 2002లో వాళ్ల ఎదుగుదల గీతలు ప్రచురించారు. ఐదు స్థాయిలుగా విడదీసి చూస్తే ప్రతి స్థాయిలోనూ పిల్లలు తొలి ఏళ్లలో వేగంగా మెరుగై, తర్వాత నిలకడకు వస్తున్నారు. తేలికైన మొదటి స్థాయి పిల్లలు తాము చేరగల కదలికల సామర్థ్యంలో 90 శాతాన్ని సుమారు 4.8 ఏళ్లకు చేరుకుంటే, తీవ్రమైన ఐదో స్థాయి పిల్లలు 2.7 ఏళ్లకే చేరుకున్నారు. ఏడాదిన్నర వయసులో ఏ చికిత్స మొదలుపెట్టినా ఆరు నెలల్లో ఏదో ఒక మెరుగు కనబడుతుంది. అది ఆ వయసు స్వభావం. ఆ మెరుగుదల పేరు అప్పుడు జరుగుతున్న వైద్యం ఖాతాలో పడుతుంది.

దీనికి కళ్లు తెరిపించే ఉదాహరణ ఒకటి ఉంది. ఒత్తిడి గదిలో ప్రాణవాయువు ఎక్కించే హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స ఒకప్పుడు ఈ పిల్లల తల్లిదండ్రుల మధ్య బాగా ప్రచారమైంది. కెనడాలో 111 మంది పిల్లల మీద పరీక్షించి 2001లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ఇచ్చారు. సగం మందికి నిజమైన ఆక్సిజన్ చికిత్స, సగం మందికి కాస్త ఒత్తిడి పెంచిన మామూలు గాలి, 40 విడతలు. రెండు గుంపులూ మెరుగయ్యాయి, ఒకేలా మెరుగయ్యాయి. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆ పరీక్షను చూసి ఎవరైనా ఆ యంత్రమే పనిచేసిందని నమ్మేవాళ్లు. ఆ రెండు నెలలు తల్లిదండ్రులు బిడ్డతో ఎక్కువసేపు గడపడం, ఇంకేదో జరుగుతుందన్న నమ్మకంతో బిడ్డను ప్రోత్సహించడం, వీటి ప్రభావం తక్కువ కాదు. అలాంటి శ్రద్ధ, ఆ యంత్రం ఖర్చు లేకుండా, ఇంట్లోనే ఇవ్వవచ్చు.

భద్రత విషయంలో సూదుల మీద ఉన్న భయం కొంత ఎక్కువే. పిల్లల ఆక్యుపంక్చర్ మీద 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన సమీక్షలో 279 దుష్ఫలితాలు లెక్కకు వస్తే, వాటిలో 253 తేలికైనవే. ఏడుపు, కాస్త కమిలిపోవడం, చుక్క రక్తం లాంటివి. 25 మాత్రం తీవ్రమైనవి, వాటిలో చాలావరకు సరైన శిక్షణ, శుభ్రత లేని చేతుల వల్ల జరిగినవి. కాబట్టి సూది కన్నా సూది పట్టుకున్న చెయ్యి ముఖ్యం. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ కళ్ల ముందే చింపాలి. మాడు ఇంకా పూడని పసిబిడ్డ నెత్తి మీద సూది పెట్టకూడదు. ఫిట్స్ ఉన్న బిడ్డకు కరెంటు పెట్టే ముందు న్యూరాలజిస్టును అడగాలి. ఫిట్స్‌కు వాల్‌ప్రొయేట్ వాడుతున్న బిడ్డకు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం ఉంది కాబట్టి రక్తపరీక్ష చూసుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, "మా వైద్యం పనిచేయాలంటే ఫిట్స్ మాత్రలు ఆపాలి" అని ఎవరు చెప్పినా అక్కడి నుంచి వెంటనే లేచి వచ్చేయాలి. ఆ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి, ఉన్న మెదడు కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది, ప్రాణమే పోవచ్చు.

బిడ్డ ఏడుపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. భయం, నొప్పి, చలి స్పాస్టిసిటీని పెంచుతాయి. సూదుల గది తలుపు చూడగానే వణికిపోయే బిడ్డకు ఆ రోజంతా కాళ్లు ఇంకా బిగుసుకునే ఉంటాయి. సూది గుచ్చినప్పుడు లోపల బరువుగా, జుమ్మన్నట్టు అనిపిస్తే సరైన చోట పడినట్టు అని ఆక్యుపంక్చర్ వైద్యులు రోగినే అడిగి తెలుసుకుంటారు. మాట రాని పసివాడిని ఏమని అడుగుతారు? నాలుగైదు విడతల తర్వాత కూడా బిడ్డ భయపడుతూనే ఉంటే ఆపేయడం మంచిది. ఆ బిడ్డకు ముందు ముందు ఫిజియోథెరపిస్టుతో, డాక్టర్‌తో ఎన్నో ఏళ్లు పని ఉంది. తెల్లకోటు మీద నమ్మకం చెదరకూడదు.

హైదరాబాద్‌లో దారులు

అమీర్‌పేట పక్కన బల్కంపేట దారిలోని ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం చాలామంది తల్లిదండ్రులకు తెలిసిన చోటే. ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ డిగ్రీలో మర్దన, ఆక్యుపంక్చర్ పాఠ్యాంశాలు. కాబట్టి సూదులు పెట్టించాలనుకునేవాళ్లు మొదట అడగాల్సింది డిగ్రీ. వారాంతపు కోర్సు సర్టిఫికెట్టుకూ ఈ చదువుకూ చాలా తేడా ఉంది. ఆ తర్వాత అడగాల్సింది పిల్లలతో అనుభవం.

కానీ మొదటి గడప మాత్రం వేరే ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పడిన డైక్ (డీఈఐసీ) అనే తొలి దశ చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపీ, మాట, చూపు, వినికిడి పరీక్షలు ఒకే చోట ఉచితంగా అందించాలన్నది నియమం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అని పిలిచేది, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, పసిపిల్లలకు తొలి దశ శిక్షణ ఇస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సెరెబ్రల్ పాల్సీ ఒకటి. ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్టు తీసుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో చేరవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉన్న ఆ బీమాలో ఓపీ ఖర్చులకు, థెరపీలకు కూడా చోటుంది. నెలనెలా ప్రైవేటు సెషన్లకు బంగారం కుదువపెడుతున్న ఎన్నో ఇళ్లకు ఈ పథకం పేరు కూడా తెలియదు. ఇది చాలా బాధాకరమైన విషయం.

ఎందుకంటే ఈ వ్యవహారంలో అందరికన్నా ముందు అయిపోయేది డబ్బు, దాని వెంటే ఓపిక. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి, నగరంలో ఒక గది అద్దెకు తీసుకుని, తండ్రి ఆటో నడుపుతూ, తల్లి బిడ్డను చంకనేసుకుని రెండు బస్సులు మారుతూ తిరిగే కుటుంబాలు తక్కువేం కాదు. పొద్దున సూదులు, మధ్యాహ్నం మాలిష్, మధ్యలో ప్రయాణం. ఇంటికి వచ్చేసరికి బిడ్డ అలసిపోయి నిద్రపోతాడు. ఆ రోజు బిడ్డ తనంతట తాను చేసిన కదలిక ఎంత? నేల మీద ఎంతసేపు ఉన్నాడు? రోజంతా వైద్యంలోనే గడిచినా, అభ్యాసం మాత్రం సున్నా. తొలి మూడు నాలుగేళ్లే అమూల్యమైనవని ఒంటారియో గీతలు చెబుతున్నప్పుడు ఆ ఏళ్లను బస్సుల్లో, వెయిటింగ్ హాళ్లలో పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

ఇంటి అభ్యాసం అంటే గంటల తరబడి హింస అనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 2009లో 36 మంది బడి వయసు పిల్లలతో చేసిన ఒక పకడ్బందీ అధ్యయనంలో తల్లిదండ్రులు నెలకు సగటున 17.5 సార్లు, ఒక్కోసారి 16.5 నిమిషాలు మాత్రమే ఇంట్లో సాధన చేయించారు. ఎనిమిది వారాల్లోనే తేడా కనబడింది. ఆ సాధనలో గొప్ప యంత్రాలేమీ లేవు. ఏ పని నేర్చుకోవాలో బిడ్డ, తల్లిదండ్రులు ముందే అనుకుని, ఆ పనినే మళ్లీ మళ్లీ చేశారు. చొక్కా తొడుక్కోవడం, చెంచా పట్టుకోవడం లాంటి పనులు.

కాబట్టి ఏ క్లినిక్‌కు వెళ్లినా, అది ఫిజియో అయినా, సూదులైనా, మాలిష్ అయినా, మొదటి రోజే ఒక ప్రశ్న అడగవచ్చు. "మూడు నెలల తర్వాత మా పాప ఏ పని చేయగలగాలి?" జవాబు "కండరాలు బలపడతాయి", "నరాలు చురుకవుతాయి" అని వస్తే అది కొలవడానికి వీలుకాని మాట. "గోడకు ఆనుకుని రెండు నిమిషాలు కూర్చోవాలి", "కుడిచేత్తో బిస్కెట్ నోటిదాకా తెచ్చుకోవాలి" అని వస్తే దాన్ని కాగితం మీద రాసుకోవచ్చు. ఆ రోజే ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోవాలి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే బట్టల్లో, అదే పని చేయిస్తూ మళ్లీ తీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఆ చికిత్స కొనసాగించాలో, ఆపాలో ఇంట్లోవాళ్లు కూర్చుని నిర్ణయించుకోవచ్చు. ఒకేసారి మూడు కొత్త చికిత్సలు మొదలుపెడితే మాత్రం ఏది పనిచేసిందో ఆ వీడియో కూడా చెప్పలేదు.

ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మాలిష్ సెషన్లు పెంచే ముందు బిడ్డకు ఈ నాలుగు రోజుల్లో మలవిసర్జన సరిగా అయిందా, మూత్రంలో మంట ఉందా, పన్ను పుచ్చిందా, తుంటి కదిపితే ముఖం ముడుస్తున్నాడా అని చూడాలి. మలబద్ధకం తీరగానే కాళ్లు సగం వదులైన పిల్లలు ఉన్నారు. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే దిక్కున మెల్లగా చేసే మర్దన ఇక్కడ నిజంగానే ఉపయోగపడుతుంది, దానికి ఏ క్లినిక్కూ అక్కర్లేదు. బిగుతు మరీ ఎక్కువగా ఉండి సాధనకే అడ్డుపడుతుంటే బొటాక్స్ ఇంజక్షన్లు, బాక్లోఫెన్ లాంటి మందుల గురించి పిల్లల న్యూరాలజిస్టుతో మాట్లాడాలి. బొటాక్స్ ప్రభావం కూడా మూడు నుంచి ఆరు నెలలే. ఆ నెలల్లో గట్టిగా సాధన చేయిస్తేనే ఇంజక్షన్‌కు పెట్టిన డబ్బుకు ఫలితం. అరగంట వదులు ఇచ్చే నానమ్మ చేతికీ, నాలుగు నెలల వదులు ఇచ్చే ఇంజక్షన్‌కూ వర్తించే సూత్రం ఒక్కటే.

ఇంతకీ రోజూ ఆ బిడ్డను ఎత్తి, దించి, రుద్ది, నిలబెట్టే తల్లి నడుము సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు. పదేళ్ల బిడ్డ పాతిక కిలోల బరువు ఉంటాడు. నేల మీద వంగి మర్దన చేసే బదులు నడుము ఎత్తు మంచం మీద చేయడం, ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచడం, వారంలో రెండు రోజులు ఆ పని తండ్రి తీసుకోవడం, వీటిని కూడా ఫిజియోథెరపిస్టునే అడిగి నేర్చుకోవాలి. రాత్రి బిడ్డకు నూనె పట్టించిన చేతులు కడుక్కున్నాక, ఆ తల్లి నడుముకు కూడా ఎవరో ఒకరు పది నిమిషాలు నూనె రాయాలి.